రోకలి వారి పశ్చాత్తాపం

రోకలి స్త్రీవాద ప్రచురణల సమాఖ్యలో ఎవరూ ఎవరికీ పై అధికారి కారు. అక్కడ అధ్యక్షురాలిని సమన్వయకర్త అంటారు. నిర్ణయాలు తీసుకోరు, ఏకాభిప్రాయానికి వస్తారు. ఏ పనైనా జరగాలంటే అందరూ ఒప్పుకోవాలి, జరగకుండా ఆపడానికి మాత్రం ఒక్కరు చాలు. హైదరాబాదులో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉన్న వాళ్ళ ఆఫీసు గుమ్మం పక్కన నిజంగానే ఒక రోకలి నిలబెట్టి ఉంటుంది. హస్తకళల ఎగ్జిబిషన్‌లో ముచ్చటపడి కొన్నారు. ఇంతవరకూ దానితో ఎవరూ గుప్పెడు వడ్లు కూడా దంచలేదు.

ఈ రోకలి వారు నలుమూలల నుంచీ ఆడవాళ్ళ కథలు ఏరి 'అన్ని గొంతులూ' అని ఒక సంకలనం వేశారు. అందులో పూనెం సుభద్ర రాసిన కథ ఒకటి ఉంది. సుభద్ర కోయ ఆవిడ. భద్రాచలం అవతల అడవి పల్లెల్లో ఏఎన్‌ఎం ఉద్యోగం. స్కూటీ మీద ఊరూరూ తిరిగి పిల్లలకి టీకాలు వేస్తుంది, గర్భిణులని చూస్తుంది, తీరిక దొరికితే రాసుకుంటుంది. తెలుగు ఎం.ఏ. ప్రైవేటుగా కట్టి పాసైంది.

పుస్తకం పోస్టులో వచ్చిన రోజున ఆమె ఆత్రంగా తన పేజీ తీసి, ఎవరి పేజీయో తీశాననుకుని వెనక్కి తిప్పింది. మళ్ళీ చూసింది. పేజీ తనదే, పేరు తనదే. పైన ఫొటోలో మాత్రం అద్దాల రవిక, మోచేతుల దాకా తెల్ల గాజులు వేసుకుని ఒక లంబాడీ అమ్మాయి నిండుగా నవ్వుతోంది. కింద పరిచయం: 'అడవితల్లి ఒడిలో విరిసిన ఈ కొండమల్లెకు అక్షరం పరిచయమైనది ఇటీవలే.' మిగతా రచయిత్రులందరికీ డిగ్రీలూ ఉద్యోగాలూ రాశారు. సుభద్ర ఒక్కదాన్నే పువ్వు చేశారు.

సరేలే అనుకుని కథ చదవబోయింది. అది ఆమె పెద్దమ్మ ఎర్రమ్మ కథ. వెనకటికి ఫారెస్టు వాళ్ళు ఊళ్ళో ఆడవాళ్ళ గొడ్డళ్ళు గుంజుకుపోతే, ఎర్రమ్మ అందరినీ వెంటేసుకుని రేంజి ఆఫీసు మెట్ల మీద బైఠాయించింది. అక్కడే మూడు రాళ్ళు పెట్టి జావ కాచింది. రేంజరు దిగొచ్చి గొడ్డళ్ళు వాపసు ఇచ్చేదాకా కదల్లేదు. సుభద్ర రాసింది ఇంతే. పుస్తకంలో మాత్రం చివరి పేజీలో ఒక జీపు వచ్చి ఆగింది. అందులోంచి స్పందన అనే నగర యువతి దిగి, ఏడుస్తూ కూర్చున్న ఎర్రమ్మకు ఆమె హక్కులేమిటో వివరించింది. ఎర్రమ్మ ఆమె పాదాల మీద పడబోతే 'వద్దు, మనం అక్కచెల్లెళ్ళం' అని లేపి కౌగిలించుకుంది. తెల్లారింది.

అదే రోజు ఎర్రమ్మ చదివి వినిపించమని కూర్చుంది. చదవక తప్పలేదు. ముసలామె ఆఖరిదాకా విని, తన చేతుల వంక చూసుకుంది.

"ఆ జీపుల వచ్చినామె ఎవరే బిడ్డా? ఆనాడు మాతోటి ఎవ్వరూ రాలేదే."

"ఎవరూ రాలే పెద్దమ్మా. వాళ్ళు రాసుకున్నరు."

"నేను ఏడ్చిన్నా?"

"ఏడ్వలే."

"మరి నువ్వెందుకు రానిచ్చినవ్ ఆమెను?"

ఆ మాటకి సుభద్రకి చెప్పుతో కొట్టినట్టయింది. ఆ పైన ఊళ్ళో కుర్రకారు ఫొటో చూసి 'అక్కా, నువ్వెప్పుడు లంబాడీలల్ల కలిసినవ్' అని మొదలుపెట్టారు. కోయలకీ లంబాడీలకీ మధ్య ఏళ్ళ తరబడి నలుగుతున్న తగాదా ఉంది కాబట్టి, కొందరు ఆ మాట నవ్వుతూ అనలేదు. సుభద్ర ఆ సంకలనానికి సంపాదకురాలైన ఉత్పలకి ఫోన్ చేసింది.

"సుభద్రా! నువ్వు చేస్తావని అనుకుంటూనే ఉన్నానమ్మా. పుస్తకం చూసి ఏడ్చేశావు కదూ?" అంది ఉత్పల. ఆవిడ తక్కిన రచయిత్రులందరినీ గారు అంటుంది.

"ఆ ఫొటో నాది కాదు మేడమ్."

"తెలుసు. నువ్వు పంపిన దాంట్లో యూనిఫారం చీర కట్టుకుని, చేతిలో టీకాల డబ్బా పట్టుకుని ఉన్నావు. అందులో నీ అస్తిత్వం కనిపించలేదు."

"అందుల నేనే ఉన్న కదా మేడమ్."

"నువ్వున్నావు. నీ అస్తిత్వం లేదు."

సుభద్ర ఒక్క క్షణం ఫోను చెవి నుంచి తీసి దాని వంక చూసింది. "ఆమె లంబాడీ మేడమ్. నేను కోయ."

"మేం అలాంటి విభజనలని నమ్మం."

"కథ ఆఖరు కూడా మార్చిండ్రు."

"మార్చలేదు, లోటు పూడ్చాం. ఎర్రమ్మకి చైతన్యం ఎక్కడినుంచి వచ్చిందో నువ్వు చెప్పనేలేదు."

"గొడ్డలి పోతే కోపం వచ్చింది మేడమ్."

"కోపం వేరు, చైతన్యం వేరు సుభద్రా. ఒకసారి హైదరాబాదు వస్తే వర్క్‌షాపులో వివరంగా మాట్లాడుకుందాం."

నాకు రెండే కావాలి, నా ఫొటో పెట్టండి, నేను రాసిన ఆఖరి పేజీ వెయ్యండి అని సుభద్ర మర్యాదగానే చెప్పింది. రెండో ముద్రణ త్వరలోనే ఉందనీ, కాలేజీ లైబ్రరీలన్నిటికీ వెళుతుందనీ, ఆమె ఆవేదనని సమాఖ్య ముందు తప్పకుండా పెడతాననీ ఉత్పల మాట ఇచ్చింది.

ఆవేదన సమాఖ్య ముందుకు వెళ్ళింది. మర్నాడే ఫేస్‌బుక్‌లో ప్రకటన వచ్చింది. 'మా సంకలనంలోని ఒకానొక చిత్రం వల్ల ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే, ఆ నొప్పిని మేమూ సమానంగా అనుభవిస్తున్నాం. మా ఉద్దేశం స్వచ్ఛమైనది.' ఎవరి చిత్రం, ఎవరి మనసు అన్నది అందులో లేదు. కింద జనం విరగబడి మెచ్చుకున్నారు. 'ఇంత నిజాయితీ ఎవరికుంది!' అని ఒకరు, 'రోకలిని చూసి గర్వపడుతున్నాను' అని ఒకరు, 'ఈ సమయంలో మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి' అని ఇంకొకరు. యూనివర్సిటీ విద్యార్థిని ఒకమ్మాయి మాత్రం 'ఇందులో క్షమించండి అన్న మాట ఎక్కడుంది?' అని అడిగింది. వెతికి చూస్తే నిజంగానే లేదు. దానితో గోల పెద్దదైంది, పత్రికల దాకా పోయింది. సమాఖ్య అత్యవసరంగా సమావేశమై సుభద్రని కూడా పిలిచింది.

ఆమె సెలవు పెట్టి, బస్సెక్కి వెళ్ళింది. ఆఫీసులో అందరూ చాపల మీద గుండ్రంగా కూర్చున్నారు. కుర్చీలు అసమానతకి చిహ్నమని వాటిని పక్క గదిలో పెట్టారు. సమన్వయకర్త కాదంబరి విశ్రాంత ఆచార్యులు. కులాన్ని ధిక్కరిస్తూ ఇంటిపేరు వదిలేసుకున్న మనిషి. తన ఇంటిపేరు ఏమిటో, ఆ ఇంటిపేరు ఎంత గొప్పదో, దాన్ని వదులుకోవడం ఎంత కష్టమైందో ప్రతి ఉపన్యాసంలోనూ చెబుతారు.

"ముందుగా మనమందరం మన అసౌకర్యంతో కాసేపు కూర్చుందాం," అన్నారు కాదంబరి.

అందరూ కళ్ళు మూసుకున్నారు. కొంతసేపటికి ఒకావిడ వెక్కివెక్కి ఏడవసాగింది. "నాలోని అగ్రవర్ణ స్త్రీని నేను భరించలేకపోతున్నాను," అంది. ఆవిడకి ఊపిరి అందడం లేదు. ఎవరూ కదలకపోయేసరికి సుభద్రే లేచి, మంచినీళ్ళు తాగించి, నాడి చూసి, వీపు నిమిరింది. "ఊరుకోండి మేడమ్, ఏం కాలేదు," అంది. ఏం కాలేదు అని బాధితురాలే స్వయంగా అన్న సంగతి సమావేశపు వివరాల్లో నమోదైంది.

"క్షమాపణ చెప్పేద్దాం," అంది ఉత్పల.

"ఆగండి," అన్నారు కాదంబరి. "తరతరాలుగా ఈ సమాజం ఆడదాని చేత క్షమాపణ చెప్పిస్తూనే ఉంది. కూరలో ఉప్పు ఎక్కువైతే క్షమాపణ, ఆడపిల్లని కంటే క్షమాపణ. ఇప్పుడు ఒక స్త్రీవాద సంస్థని క్షమాపణ అడగడం పితృస్వామ్య భావజాలం కాదా? సుభద్రా, నువ్వు తెలియక అడిగావు. నేను నిన్ను తప్పు పట్టడం లేదు."

"నేను క్షమాపణ అడగలే మేడమ్. ఫొటో మార్చమన్న, పేజీ మార్చమన్న," అంది సుభద్ర.

ఇంత మొరటు కోరికని ఎదుర్కోవడానికి ఎవరూ సిద్ధపడి రాలేదు. చివరికి కాదంబరే సర్దుకుని, మార్చడమంటే ఏమిటో వివరించారు. తప్పుని దిద్దడమంటే తప్పుని మాయం చేయడం. మాయం చేయడమంటే చరిత్రని చెరిపేయడం. అణచివేసేవాళ్ళు ఎప్పుడూ చేసే పని అదే. కనుక ఆ ఫొటో, ఆ జీపు, ఆ స్పందన సాక్ష్యాలుగా ఉండి తీరాలి. వాటి ముందు తమ పశ్చాత్తాపాన్ని నిలబెట్టాలి. ఈ వాదన విని అందరూ నివ్వెరపోయారు. ఏడ్చినావిడ మళ్ళీ ఏడ్చింది. వెంటనే పశ్చాత్తాప ఉపసంఘం ఏర్పడింది. సుభద్రకి అందులో ప్రత్యేక ఆహ్వానితురాలి హోదా ఇచ్చారు, ఓటు లేకుండా.

రెండో ముద్రణ వచ్చింది. లంబాడీ అమ్మాయి అలాగే నవ్వుతోంది, జీపు అలాగే వచ్చి ఆగుతోంది. కథకి ముందు మాత్రం సభ్యులందరూ తలా ఒక పశ్చాత్తాపం రాశారు. అవన్నీ కలిసి కథ కంటే చాలా పెద్దవయ్యాయి. కాదంబరి తన వ్యాసాన్ని బాల్యం నుంచి మొదలుపెట్టారు. చిన్నప్పుడు వాళ్ళింట్లో ఒక గిరిజన స్త్రీ అంట్లు తోమేదట. 'ఆమె పేరు ఇప్పుడు గుర్తు లేదు, కానీ ఆమె చేతి స్పర్శ నా స్త్రీవాదానికి పునాది' అని రాశారు. విమర్శకులు ఈ వాక్యాన్ని విరివిగా ఉదహరించారు. సుభద్ర అది చదివి, పుస్తకం మూసి, టీకాలకి వెళ్ళిపోయింది. ఆ రోజంతా ఆమెకి ఒళ్ళు మండుతూనే ఉంది.

ఆ వారంలోనే ఒక ఫోన్ వచ్చింది.

"పూనెం సుభద్ర గారేనా? మీ ఫొటోల ఉన్నది నేనండి."

ఆవిడ పేరు బానోతు ప్రమీల. వరంగల్ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఎప్పుడో కాలేజీ వార్షికోత్సవంలో డాన్సు చేసినప్పుడు తీసిన ఫొటో అది. ఇంటర్నెట్‌లో ఎక్కడ దొరికిందో రోకలి వారు తీసి వేసేశారు. ఇప్పుడు ఆ పుస్తకం ఆమె కాలేజీ లైబ్రరీకే వచ్చింది.

"మా స్టూడెంట్లు నేను దొంగ పేరుతోటి కథలు రాస్తున్న అంటున్నరు. మా తండాలనైతే కోయ పేరు పెట్టుకున్నవేందని కొట్లాట," అంది ప్రమీల.

"మా ఊర్ల కూడా అదే కొట్లాట," అంది సుభద్ర బిగుసుకుని.

తర్వాత ప్రమీల, "అయినా మీ కథ బాగుందండి. ఆ జీపు ఒక్కటే అర్థం కాలే," అంది. సుభద్ర పక్కున నవ్వేసింది. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు రోకలి వారిని తిట్టుకున్నారు.

ప్రమీల కూడా ఫోన్ చేసి నిలదీసేసరికి, బాధితురాళ్ళు ఒకరు కాదు ఇద్దరని తెలిసి రోకలిలో గొప్ప ఉత్సాహం వచ్చింది. పెద్ద హాలు తీసుకుని బహిరంగ క్షమాపణ సభ పెట్టారు. కరపత్రం మీద కాదంబరి ఫొటో వేశారు. ఈసారి ఎవరి ఫొటో విషయంలోనూ పొరపాటు జరగకూడదని ఇతరుల ఫొటోలు వేయలేదు.

హాలు నిండిపోయింది. ముందు అధ్యక్షోపన్యాసం, తర్వాత ముఖ్య పశ్చాత్తాపం, తర్వాత విశిష్ట పశ్చాత్తాపాలు అయ్యాయి. ఆపైన ఇద్దరినీ వేదిక మీదికి పిలిచారు. నేత చీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకున్న ప్రమీలని కాదంబరి గట్టిగా కావలించుకుని శాలువా కప్పారు.

"సుభద్రా! మీ పెద్దమ్మ ఎర్రమ్మకి మేం చేసిన అన్యాయానికి తల వంచుతున్నాను," అన్నారు గద్గదంగా. తర్వాత సుభద్ర వైపు తిరిగి, "ప్రమీల గారూ, మీ నృత్యచిత్రాన్ని అడగకుండా వాడుకున్నందుకు మమ్మల్ని శిక్షించండి," అన్నారు.

ప్రమీల మైకు లాక్కుంది. "నేను ప్రమీలనండి. ఆమె సుభద్ర."

హాలంతా చప్పట్లతో మారుమోగింది. ఒకరి గాయాన్ని ఒకరు తమదిగా చెప్పుకుంటున్నారని జనం అనుకున్నారు. కాదంబరి కళ్ళు తుడుచుకుని, "చూశారా! కోయ, లంబాడీ అన్న హద్దుల్ని వాళ్ళే చెరిపేశారు. ఇద్దరూ ఒక్కరే," అన్నారు. సుభద్ర, ప్రమీల ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇప్పుడు బాధితులు ఒక్క మాట చెబితే మన హృదయాలు తేలికపడతాయి," అని కాదంబరి ఈసారి కాస్త తటపటాయించి, ఇద్దరి మధ్యలో మైకు పెట్టారు. "మమ్మల్ని క్షమించారా?"

సుభద్ర మైకు తీసుకుంది. 'ఎందుకు రానిచ్చినవ్ ఆమెను' అని పెద్దమ్మ అడిగిన మాట బస్సులో వస్తున్నంతసేపూ చెవుల్లో మోగుతూనే ఉంది.

"క్షమిస్తే మూడో ముద్రణల నా పేజీ మారుస్తరా మేడమ్?"

"క్షమించాక ఇక గాయం ఎక్కడుంది? గాయం లేనిచోట కట్టు ఎందుకు?"

"క్షమించకపోతే?"

"అప్పుడు మన సంభాషణ కొనసాగుతున్నట్టు. సంభాషణ నడుస్తుండగా పుస్తకాన్ని ముట్టుకోవడం నైతికం కాదు."

సుభద్ర మర్యాదలన్నీ పక్కన పెట్టేసింది.

"అయితే నా కథ నాకు ఇచ్చేయండి. మా పెద్దమ్మ ఎవరి కాళ్ళ మీదా పడలే. ఏడ్వలే. రేంజి ఆఫీసు మెట్ల మీద పొయ్యి పెట్టి జావ కాచింది, రేంజరు వచ్చి గొడ్డండ్లు చేతికిచ్చేదాకా లేవలే. ఆమెతోటి ఉన్నది మా ఊరి ఆడోళ్ళే. మీరు మా కథలకైతే వచ్చిండ్రు, మా ఊరికి మాత్రం ఒక్కరు కూడా రాలే. ఇగ నా కథ మీ పుస్తకంల ఉండొద్దు."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కాదంబరి అందరికంటే గట్టిగా కొట్టారు. సమయపాలన చూసే ఆవిడ చీటీ పంపింది. సుభద్ర మైకు ప్రమీల చేతిలో పెట్టి దిగిపోయింది, ప్రమీల దాన్ని బల్ల మీద పడేసి వెంట నడిచింది. బయట ఇద్దరూ ఇరానీ చాయ్ తాగారు. ఆ చప్పట్లు తలచుకుని సుభద్రకి అప్పుడు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేదని ప్రమీలతో అంది.

కథ తీసేయమన్న కోరికపై ఉపసంఘం చాలా సమావేశాలు జరిపింది. తీసేస్తే సంకలనంలో గిరిజన గొంతు ఉండదు, ఉంచితే రచయిత్రి ఒప్పుకోదు. ఉత్పల మధ్యేమార్గం కనిపెట్టింది. మూడో ముద్రణలో సుభద్ర కథ ఉండాల్సిన చోట అన్నీ తెల్ల కాగితాలే. పైన కథ పేరు, ఆమె పేరు, ఒక ఖాళీ ఫొటో చట్రం. 'ఈ మౌనమే మా అత్యంత లోతైన క్షమాపణ' అని ముందుమాటలో రాశారు. సాహిత్యలోకం కదిలిపోయింది. సంకలనంలోకెల్లా గొప్ప రచన ఆ ఖాళీ పేజీలేనని ఒక విమర్శకుడు రాశాడు. ఉత్తమ సంపాదకత్వానికి ఉత్పలకి పురస్కారం ప్రకటించారు.

సుభద్రకీ ఒక ప్రతి వచ్చింది. ఆ తెల్ల పేజీలు తిప్పుతూ చాలాసేపు కూర్చుంది. తర్వాత యూనిఫారం చీరలో ఉన్న తన ఫొటో ఒకటి తెచ్చి చట్రంలో అంటించింది. పెన్ను తీసుకుని, మొదటి వాక్యం నుంచి జావ కాచి గొడ్డళ్ళు తెచ్చుకునే దాకా కథంతా తన చేత్తో రాసింది. జీపుకి చోటివ్వలేదు. ఎర్రమ్మకి చదివి వినిపించింది.

"ఇప్పుడు సరిగ్గున్నది," అంది ముసలామె. "ఊరూరుకి పోయిన పుస్తకాల్ల ఎట్లున్నది మరి?"

ఆ సంగతి ప్రమీల చూసుకుంది. రాసిన పేజీలని ఫోన్లో తెప్పించుకుని తన కాలేజీ లైబ్రరీకి వచ్చిన మూడో ముద్రణ ప్రతిలోకి ఎక్కించింది. అమ్మాయిలు చూసి పక్క కాలేజీల వాళ్ళకి చెప్పారు. హాస్టళ్ళలో ఒకరు చదువుతుంటే ఒకరు రాశారు. కొందరు బొమ్మలు కూడా వేశారు. ఎక్కడ ఆ పుస్తకం ఉంటే అక్కడ ఎర్రమ్మ మెట్ల మీద పొయ్యి వెలిగించడం మొదలైంది.

ఈ సంగతి రోకలికి చేరింది. అత్యవసర సమావేశం జరిగింది. ఈసారి ఏకాభిప్రాయానికి రావడానికి అరగంట కూడా పట్టలేదు. కాదంబరి స్వయంగా ఫోన్ చేశారు. అప్పుడు సుభద్ర ఒక గుడిసెలో నడిచే అంగన్‌వాడీలో ఉంది, తల్లి ఒళ్ళోని చంటిబిడ్డ తొడ పట్టుకుని, చేతిలో సూదితో, చెవికీ భుజానికీ మధ్య ఫోనుతో.

"సుభద్రా, నీ వల్ల మా మౌనానికి భంగం కలిగింది," అన్నారు కాదంబరి. "అది మేమెంతో బాధపడి సృష్టించుకున్న మౌనం. మా అనుమతి లేకుండా, కనీసం మాతో సంప్రదించకుండా అందులో రాసేశావు. మా సభ్యులు తీవ్రంగా గాయపడ్డారు. ఒకావిడ నిద్ర కూడా పోవడం లేదు. నువ్వు బహిరంగంగా క్షమాపణ చెప్పాలని సమాఖ్య తీర్మానించింది."

"చెప్పను మేడమ్," అంది సుభద్ర.

చెప్పను అనే మాటని ఎలా అర్థం చేసుకోవాలో ఏ ఉపసంఘమూ ఇంకా తేల్చలేదు.

"ఎవరే ఫోన్ల?" అంది బిడ్డ తల్లి.

"జీపుల వచ్చినామె," అని సుభద్ర ఫోను పక్కన పెట్టి సూది వేసింది. బిడ్డ ఆ గుడిసె ఎగిరిపోయేలా ఏడ్చాడు.